బ్యాండ్ మాస్టర్ డాక్టర్ విలియం ఫాస్టర్ - యాభై రెండేళ్ల కొలువు

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నేను ఏ దేశనాయకుడినో, ఏ కవినో ఎంచుకుంటానని వారు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది ఒక బ్యాండ్ మాస్టర్‌ని. మన వైపు బ్యాండ్ మాస్టర్ అనగానే పెళ్లి ఊరేగింపు ముందు ఎర్రకోటు వేసుకుని క్లారినెట్ వాయించే మనిషి గుర్తుకు వస్తాడు. లేదంటే రిపబ్లిక్ దినోత్సవం నాడు పరేడ్ గ్రౌండ్‌లో పోలీసు బ్యాండు ముందు దండం తిప్పే అధికారి కనబడతాడు. నేను చెప్పబోయే డాక్టర్ విలియం పాట్రిక్ ఫాస్టర్ అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయపు మార్చింగ్ బ్యాండుకు యాభై రెండేళ్లు అధిపతిగా ఉన్నారు. ఒకే సంస్థలో, ఒకే పనిలో అంతకాలం ఉన్నవారు ఉద్యోగుల్లో ఎందరుంటారు? ఆ లెక్క ఒక్కటే చాలు, మన పత్రికలో ఆయనకు చోటివ్వడానికి. అయితే అసలు కారణం అది కాదు. ఆ ఉద్యోగం ఆయన జాతివారికి ఉండదని చదువుకునే రోజుల్లోనే ఆయన మొహం మీద చెప్పారు.

ముందుగా ఈ మార్చింగ్ బ్యాండ్ ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసురుతూ, గుండెల మీద పెట్టుకుని పరుగెత్తుతూ ఆడే ఆట. శనివారాల్లో విశ్వవిద్యాలయాల మధ్య ఈ పోటీలు జరుగుతాయి, వేలాదిమంది చూస్తారు. ఆట సగంలో వచ్చే విరామంలో విద్యార్థుల బ్యాండు మైదానంలోకి దిగుతుంది. నడుస్తూనే వాయిస్తుంది, వాయిస్తూనే అక్షరాలూ బొమ్మలూ ఆకారాలూ కడుతుంది. మైదానంలో ప్రతి ఐదు గజాలకూ ఒక తెల్లగీత ఉంటుంది. సాధారణంగా ఒక గీతనుంచి మరో గీతకు సరిగ్గా ఎనిమిది అడుగులు వేయాలి, అంటే అడుగుకు ఇరవై రెండున్నర అంగుళాలు. వంద మందిలో ఒక్కరు తప్పినా పైన కూర్చున్నవారికి వంకర కనబడిపోతుంది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో సైడ్ డ్రమ్ మెడకు తగిలించుకుని కవాతు చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాలు ఒక లెక్కలో, చెయ్యి మరో లెక్కలో నడవడం ఆషామాషీ పని కాదు. డ్రమ్ముకే ఇలా ఉంటే, అడుగు పడ్డప్పుడల్లా పళ్లకు తగిలే ట్రంపెట్టు ఊదేవాడి సంగతి ఊహించుకోండి.

ఈ విద్యకు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో గౌరవం తెచ్చినవారిలో మొదట చెప్పవలసిన పేరు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ ఆస్టిన్ హార్డింగ్. ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి బ్యాండులో స్థిరపడి, 1948 దాకా నడిపించిన పెద్దమనిషి ఆయన. అలాంటివారు 1929లో అమెరికన్ బ్యాండ్ మాస్టర్ల సంఘం పెట్టుకున్నారు. అందులో చేరడమంటే ఆ వృత్తిలో శిఖరం ఎక్కినట్టు. ఈ సంఘం పేరు గుర్తుంచుకోవాలి, కథలో మళ్లీ వస్తుంది.

విలియం ఫాస్టర్ 1919 ఆగస్టు 25న కాన్సాస్ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో పుట్టారు. పన్నెండేళ్ల వయసులో క్లారినెట్ పట్టుకున్నారు. చదివింది సమ్నర్ హైస్కూలు. అది నల్లజాతి పిల్లల కోసం విడిగా పెట్టిన బడి. దక్షిణాది రాష్ట్రాల్లోనే వర్ణవివక్ష ఉండేదని మనలో చాలామంది అనుకుంటాం. కాన్సాస్ దక్షిణాది రాష్ట్రం కాదు. అయినా బడులు వేరుగానే ఉండేవి. 1954లో అమెరికా సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవని తీర్పు ఇచ్చిన ప్రసిద్ధమైన కేసు ఈ కాన్సాస్ రాష్ట్రపు రాజధాని టొపీకా నుంచి వెళ్లినదే. అయితే ఆ వేరు బడిలో మంచి ఉపాధ్యాయులు ఉండేవారు. ఫాస్టర్ విద్యార్థిగా ఉండగానే 1936లో బడి ఆర్కెస్ట్రాను నడిపించే బాధ్యత అప్పగించారు. మరుసటి ఏడాది నగరంలోని నల్లజాతి విద్యార్థుల బ్యాండు ఒకటి ఆయన చేతికి వచ్చింది. అప్పటికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రవాడు.

తరువాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో సంగీత విద్య చదవడానికి చేరారు. ఫీజు కట్టించుకుని పాఠం చెప్పేవారు, అంతవరకే. ఆ రోజుల్లో నల్లజాతి విద్యార్థులకు విశ్వవిద్యాలయపు హాస్టళ్లలో చోటుండేది కాదు, ఊళ్లో తమవాళ్ల ఇళ్లలో గది చూసుకోవలసిందే. తరగతిలో పక్కనే కూర్చున్నవాడు భోజనాల దగ్గర పక్కన కూర్చోడు. ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. మన ఊళ్లలో రెండో గ్లాసు సంగతి ఎరిగినవారికి ఎక్కువ వివరించనక్కరలేదు.

అక్కడే ఫాస్టర్ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. చదువు చివరిదశలో ఉండగా సంగీత విభాగపు డీన్ ఆయనను పిలిచి, చదువయ్యాక ఏంచేస్తావని అడిగాడు. కండక్టర్‌ని అవుతానని ఈయన చెప్పారు. అంటే వాద్యబృందాన్ని నిలబడి నడిపించేవాడు. ఆ ఆలోచన మార్చుకోవడం మంచిదని, నల్లజాతి కండక్టర్లకు ఎక్కడా ఉద్యోగాలు లేవని డీన్ సలహా ఇచ్చాడు. ఆ డీన్ కోపంతోనో ద్వేషంతోనో చెప్పాడని నాకు అనిపించదు. ఉన్న పరిస్థితి చెప్పాడు. దేశంలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో గానీ, పెద్ద విశ్వవిద్యాలయాల్లో గానీ ఆనాడు నల్లజాతి కండక్టరు లేడన్నది నిజమే. మంచి మనసుతో ఇచ్చిన సలహాయే ఒక్కోసారి మనిషిని ఎక్కువ దెబ్బతీస్తుంది, ఎందుకంటే దానికి తిరిగి జవాబు చెప్పడానికి వీలుండదు. ఫాస్టర్ కూడా ఆ రోజు వాదనకు దిగలేదు. ఆ మాట తన మనసులో ఎంత లోతుగా దిగిందో చాలా ఏళ్ల తరువాత ఆయనే చెప్పుకున్నారు. తెల్లవారి పెద్ద విశ్వవిద్యాలయాల బ్యాండులకు ఏవిధంగానూ తీసిపోని బ్యాండును నల్లజాతి విద్యాసంస్థలోనే తయారుచేయాలని అప్పుడే నిశ్చయించుకున్నారట. ఇక్కడ ఒక విషయం గమనించాలి. తెల్లవారి బ్యాండులో తనకొక కుర్చీ కావాలని ఆయన కోరుకోలేదు. ఆ బ్యాండు పక్కన నిలబెడితే జనం ఇటు తిరిగి చూసే బ్యాండు కావాలనుకున్నారు.

1941లో పట్టా పుచ్చుకున్నాక మొదటి ఉద్యోగం మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ హైస్కూలులో. ఆ తరువాత జార్జియాలోని ఫోర్ట్ వ్యాలీ కాలేజీ, అక్కడినుంచి అలబామాలోని టస్కెగీ సంస్థ. బుకర్ టి. వాషింగ్టన్ స్థాపించిన విద్యాలయం అదే. ఈ మూడూ నల్లజాతి విద్యాసంస్థలే. ఐదేళ్లలో మూడు ఊళ్లు తిరిగిన మనిషి, 1946 జూన్ 1న ఫ్లారిడా రాజధాని టాలహాసీలో అడుగుపెట్టి అక్కడే ఉండిపోయారు.

ఆయన చేరిన సంస్థ పేరు ఫ్లారిడా ఎ అండ్ ఎం కాలేజీ, అంటే వ్యవసాయ, యాంత్రిక విద్యల కాలేజీ. 1887లో పదిహేనుమంది విద్యార్థులతో నల్లజాతివారి కోసం మొదలైన సంస్థ. అదే ఊళ్లో తెల్లవారి కోసం ఇంకో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. అందులోకి నల్లజాతి విద్యార్థులను 1962లో గాని రానివ్వలేదు. ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం, రెండు విద్యాలయాలు. గ్రాంటులు ఎటు ఎక్కువ వెళ్లేవో ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన మనకు వేరే చెప్పక్కరలేదు.

కాలేజీలో బ్యాండు 1892 నుంచీ ఉంది. ఒకప్పుడు దానికి నథానియేల్ యాడర్లీ అనే ఆయన నాయకత్వం వహించారు. ఆయన మనుమలే తరువాత జాజ్ సంగీతంలో పేరు మోసిన యాడర్లీ సోదరులు. కాని ఫాస్టర్ వచ్చేసరికి చేతికందినది పదహారుమంది విద్యార్థులు, అరకొర వాయిద్యాలు. మన పెళ్లిళ్లలో చిన్న బ్యాండుమేళం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అయితే కాలం ఒకవిధంగా కలిసివచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి, సైన్యంనుంచి తిరిగివచ్చినవారి చదువు ఖర్చును అమెరికా ప్రభుత్వం భరించడం మొదలుపెట్టింది. దేశమంతటా కాలేజీలు నిండిపోయాయి. 1950 నాటికి ఫాస్టర్ బ్యాండులో వందమంది అయ్యారు. అప్పటినుంచి దానికి మార్చింగ్ హండ్రెడ్ అన్న పేరు స్థిరపడింది, అంటే కవాతు చేసే నూరుమంది. తరువాతి కాలంలో సంఖ్య రెండువందలు, మూడువందలు దాటినా పేరు మాత్రం నూరుగానే ఉండిపోయింది. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి అన్న పేరు నిలిచినట్టే ఇదీను.

ఉద్యోగం చేస్తూనే ఆయన పై చదువులు చదివారు. 1950లో డెట్రాయిట్‌లోని వేన్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఎ., 1955లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి విద్యాశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నారు. అంత దూరం ఎందుకు వెళ్లారంటే, దగ్గరలోని విశ్వవిద్యాలయాల తలుపులు ఆయనకు మూసి ఉండేవి. దక్షిణాదిలోని నల్లజాతి ఉపాధ్యాయులు చాలామంది వేసవి సెలవుల్లో ఇలాగే ఉత్తరాదికి రైలెక్కి చదువుకుని వచ్చేవారు.

ఇక ఆయన పనితనం గురించి చెప్పాలి, అసలు విశేషమంతా అందులోనే ఉంది.

సాధారణంగా కవాతు నిమిషానికి నూటఇరవై అడుగుల వేగంతో సాగుతుంది, అంటే సెకనుకు రెండడుగులు. ఎన్.సి.సి. అయినా, పోలీసు పరేడైనా దాదాపు ఇదే లెక్క. ఫాస్టర్ ఈ లెక్కను రెండు వైపులా సాగదీశారు. ఒకవైపు నిమిషానికి ఇరవై అడుగులు. అడుగుకీ అడుగుకీ మధ్య మూడు సెకన్లు. కాలు గాలిలో లేచి అలాగే ఆగి, శవయాత్ర నడకలా నెమ్మదిగా దిగుతుంది. విద్యార్థులు దానికి మృత్యుగతి అని పేరు పెట్టుకున్నారు. మైదానమంతా నిశ్శబ్దమై చూస్తుండగా ఆ నడకతో ప్రవేశించి, ఉన్నట్టుండి నిమిషానికి రెండువందల నలభై అడుగులకు, అక్కడినుంచి మూడువందల అరవైకి దూకేవారు. మూడువందల అరవై అంటే సెకనుకు ఆరు అడుగులు. కూర్చుని వేళ్లతో బల్ల మీద కొట్టడానికే కష్టం, అలాంటిది వాయిద్యం మోస్తూ, మోకాలు నడుము ఎత్తుకు లేపుతూ, వరస తప్పకుండా వేయాలి. మన సంగీతం తెలిసినవారు దీన్ని వెంటనే పోల్చుకుంటారు. విలంబకాలంలో ఎత్తుకుని, ద్రుతంలోకి తీసుకువెళ్లి ముగించడం కచేరీలో సభను పట్టి ఉంచే పద్ధతే కదా. విలంబంలో నిలబడగలిగినవాడే ద్రుతంలో నిలబడతాడని మన విద్వాంసులు చెబుతారు. ఇద్దరు వేర్వేరు ప్రపంచాలవాళ్లు ఒకే సంగతి కనిపెట్టారు.

రెండవది, అంతా కంఠస్థం. అప్పట్లో చాలా బ్యాండులు వాయిద్యానికి చిన్న క్లిప్పు తగిలించి, అందులో సంగీతలిపి కాగితం పెట్టుకుని చూసి వాయించేవి. ఫాస్టర్ ఆ కాగితాన్ని తీయించేశారు. మైదానంలోనే కాదు, ఆట చూస్తూ గ్యాలరీలో కూర్చుని వాయించే పాటలు కూడా నోటికి రావాలి. కళ్లు కాగితం మీద ఉంటే తల వంగుతుంది. తల వంగితే నడకలో దర్పం పోతుంది. సంగీతంలో సరళి వరసలు కంఠతా పట్టించిన గురువుల చేతికింద ఎదిగిన మనకు ఇందులో వింత కనబడకపోవచ్చు. లిఖితసంగీతం మీద బతికే పాశ్చాత్య పద్ధతిలో మాత్రం అది పెద్ద మార్పే.

మూడవది నాట్యం. అప్పటివరకు విశ్వవిద్యాలయ బ్యాండులు సైనిక కవాతు బాణీలో బిగుసుకుని నడిచేవి. తమ జాతి ప్రజలు ఇళ్లలో, వీధుల్లో, రేడియోల్లో వింటూ ఆడుకునే పాటలనే ఫాస్టర్ బ్యాండుకు కట్టించి, వాటికి తగిన అడుగులు వేయించారు. అంటే క్రమశిక్షణ సైన్యానిది, ఉత్సాహం తనవాళ్లది. తరువాతి కాలంలో దేశంలోని ఎన్నో బళ్లు, కాలేజీలు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. ఇలాంటి కొత్త పద్ధతులు ముప్పైదాకా ఆయన పేరుమీద చెబుతారు. ఇదంతా చేసిన మనిషి కేవలం వీధిబ్యాండు మనిషి కాదు. ఆయన చేతికిందే కచేరీ వేదికమీద కదలకుండా కూర్చుని శాస్త్రీయ రచనలు వాయించే సింఫనిక్ బ్యాండు కూడా ఉండేది. 1968లో ఆయన రాసిన బ్యాండ్ పేజంట్రీ అన్న పుస్తకం ఈ విద్యను చేపట్టే ఉపాధ్యాయుల కోసం రాసినది.

బ్యాండు పేరు బయటికి పాకడానికి ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు కూడా తోడ్పడింది. జేక్ గేథర్ అనే గొప్ప కోచ్ 1945 నుంచి 1969 దాకా ఆ జట్టును నడిపారు. ప్రతి ఏటా మయామీలో జరిగే ఆరెంజ్ బ్లాసమ్ క్లాసిక్ అనే పోటీకి జనం వేలల్లో వచ్చేవారు. ఆటకు వచ్చినవారిలో ఎందరో బ్యాండు కోసమే వచ్చేవారని చెప్పుకుంటారు. మయామీ వీధుల్లో వీరి ఊరేగింపు చూడటానికి తెల్లవారూ బారులు తీరేవారు. అదే రాష్ట్రంలో బస్సులో పక్కన కూర్చోవడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. 1956 మే నెలలో ఈ విశ్వవిద్యాలయానికే చెందిన ఇద్దరు విద్యార్థినులు టాలహాసీ సిటీబస్సులో ముందు సీట్లలో కూర్చున్నందుకు అరెస్టయ్యారు. దానిమీద విద్యార్థులు, ఆపైన ఊళ్లోని నల్లజాతి ప్రజలందరూ బస్సులు ఎక్కడం మానేశారు. ఆ ఏడు నెలలు టాలహాసీ బహిష్కరణ ఉద్యమంగా చరిత్రలో నిలిచాయి. ఆ వాతావరణంలో ఆ పిల్లలు తల ఎత్తి, మోకాళ్లు ఎత్తి, వందమంది ఒక్క మనిషిలా నడవడం చూసినవారికి అది ఉత్త వినోదంగా అనిపించి ఉండదు. ఫాస్టర్ తల వంచనివ్వకపోవడానికి నేను పైన చెప్పిన కారణం సంగీతానికి సంబంధించినది. రెండవ కారణం ఇది అని నా అభిప్రాయం.

1969 జనవరిలో మయామీలో జరిగిన సూపర్‌బౌల్ పోటీ విరామంలో మార్చింగ్ హండ్రెడ్ వాయించింది. ఆ తరువాత టెలివిజన్ కార్యక్రమాలు, వ్యాపార ప్రకటనలు, ఇలా ఎన్నో వచ్చాయి. వాటన్నిటినీ ఏకరువు పెట్టను. ముఖ్యమైనవి రెండు మూడు చెబుతాను. 1985లో ఆ బ్యాండుకు సడ్లర్ ట్రోఫీ వచ్చింది. అది అమెరికా కవాతు సంగీతానికి పితామహుడనదగిన సౌసా పేరిట ఉన్న సంస్థ విశ్వవిద్యాలయ బ్యాండులకు ఇచ్చే అత్యున్నత పురస్కారం. నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో దాన్ని మొదట అందుకున్నది వీరే. ఇందాక గుర్తుంచుకోవాలన్నానే, అమెరికన్ బ్యాండ్ మాస్టర్ల సంఘం, దానికి అధ్యక్షుడైన మొదటి నల్లజాతి వ్యక్తి కూడా ఫాస్టరే. ఉద్యోగమే లేదన్న వృత్తిలో పెద్దలందరూ కలిసి ఆయనను పెద్దగా కూర్చోబెట్టారు. అధ్యక్షుడు క్లింటన్ ఆయనను జాతీయ కళామండలికి సభ్యుడిగా ఎంపిక చేశారు.

అన్నింటికంటె పెద్ద రోజు 1989 జులై 14. ఫ్రెంచి విప్లవానికి రెండువందల ఏళ్లు నిండిన సందర్భంగా పారిస్ నగరంలో మహా ఉత్సవం చేశారు. ప్రపంచం నలుమూలలనుంచి బృందాలను పిలిచి షాంజెలీజె రాజవీధిలో రాత్రివేళ ఊరేగింపు నడిపించారు. అమెరికా తరఫున వెళ్లినది మార్చింగ్ హండ్రెడ్. ఆ దేశంలో ఎన్ని విశ్వవిద్యాలయాలు, ఎన్ని బ్యాండులు! తెల్లవారి సంస్థలు ఎన్నో ఉండగా, పదహారుమందితో మొదలైన ఈ బ్యాండు వెళ్లింది. మైకేల్ జాక్సన్ ప్రసిద్ధం చేసిన, ముందుకు నడుస్తున్నట్టు కనబడుతూ వెనక్కి జారే అడుగు ఆ రాజవీధి మీద వేసి చూపించారు. అదే రాత్రి ఫ్రెంచి జాతీయగీతం పాడిన గాయని జెస్సీ నార్మన్ కూడా అమెరికాకు చెందిన నల్లజాతి మహిళే. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని రెండువందల ఏళ్ల క్రితం నినదించిన నగరంలో ఆ రాత్రి అమెరికా గొంతుగా వినబడినవారు వీరు. ఫాస్టర్‌కు అప్పటికి డెబ్బై ఏళ్లు నిండబోతున్నాయి.

ఆయన బ్యాండులో చేరినవారందరూ సంగీతం ప్రధానాంశంగా చదివినవారు కారు. ఇంజనీరింగ్, వ్యాపారశాస్త్రం, వైద్యానికి ముందు చదివే శాస్త్రాలు, ఇలా అన్ని విభాగాలవారూ ఉండేవారు. కాబట్టి ఆయన పెట్టిన నియమాల వరస చూడదగినది. మొదట నడవడి, తరువాత చదువు, తరువాత నాయకత్వం, ఆ తరువాతనే సంగీతంలో పరిపూర్ణత, కవాతులో కచ్చితత్వం, చివర సేవ. బ్యాండ్ మాస్టర్ అయి ఉండి సంగీతాన్ని నాలుగో స్థానంలో పెట్టడం నాకు నచ్చింది. మనిషి మితభాషి, కోటు నలగనివ్వని మనిషి అని శిష్యులు చెప్పుకునేవారు. అందరికీ ఆయన డాక్టర్ ఫాస్టరే.

1998లో, ఎనభైకి దగ్గరపడుతున్న వయసులో, ఆయన పదవీ విరమణ చేశారు. 1983లో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించి, మళ్లీ 58 చేసిన రోజుల్లో రాత్రికి రాత్రి ఇంటికి పోయినవారు మన సభ్యుల్లోనే ఉన్నారు. వారికి ఈ యాభై రెండేళ్ల సర్వీసు వింటే ఏమనిపిస్తుందో! తన శిష్యుడైన డాక్టర్ జూలియన్ వైట్‌కు బ్యాండును అప్పగించారు. విశ్వవిద్యాలయంలోని సంగీత భవనానికి ఆయన పేరు కలిపి పెట్టారు. తన జీవితకథను ఒక పుస్తకంగా రాసుకున్నారు. 2010 ఆగస్టు 28న, తొంభై ఒకటో పుట్టినరోజు జరిగిన మూడోనాడు, టాలహాసీలోనే కన్నుమూశారు.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. కాని జరిగినది దాచిపెట్టి రాసే చరిత్ర మీద నాకు నమ్మకం లేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 2011 నవంబరులో, ఒర్లాండో నగరంలో ఒక ఆట ముగిశాక, ఆగి ఉన్న బ్యాండు బస్సులో తోటి విద్యార్థులు ఒక డ్రమ్ మేజర్‌ను ర్యాగింగ్ పేరుతో కొట్టారు. ఆ దెబ్బలకు ఆ యువకుడు చనిపోయాడు. వయసు 26. దేశమంతా అట్టుడికింది. బ్యాండును నిలిపివేశారు. కొందరు విద్యార్థులకు శిక్షలు పడ్డాయి. విశ్వవిద్యాలయం అధ్యక్షుడూ, బ్యాండు నిర్వాహకుడూ కూడా పదవులు విడిచారు. అంతకుముందు 1998లోనూ, 2001లోనూ ఇలాగే దెబ్బలు తిని ఆస్పత్రి పాలైన విద్యార్థులున్నారు. 1998 అంటే ఫాస్టర్ విరమించిన ఏడాదే. కాబట్టి ఈ జాడ్యం ఆయన పోయాక కొత్తగా పుట్టిందని సరిపెట్టుకోలేం. నూరుమందిలో ఒకడిననే గర్వం ఎక్కడ బలంగా ఉంటుందో, కొత్తగా వచ్చినవాడు ఆ గర్వానికి అర్హుడో కాదో తేల్చాలన్న క్రౌర్యం కూడా అక్కడే తలెత్తుతుంది. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆగిందా అంటే, పిల్లలను హాస్టళ్లకు పంపిన తల్లిదండ్రులకు తెలుసు. నడవడిని మొదటి నియమంగా రాసిపెట్టిన గురువు బ్యాండులోనే ఇది జరగడం నాకు చాలాకాలం మింగుడు పడలేదు.

దాదాపు రెండేళ్లు ఆ బ్యాండు మూగపోయింది. ప్రతి విద్యార్థి చదువు మార్కులు, హాజరు పరిశీలించి, నియమాలు తిరగరాసి, 2013 సెప్టెంబరులో మళ్లీ మైదానంలోకి దింపారు. అంతకుముందు మూడువందలకు పైగా ఉన్నవారు ఆ రోజు అందులో సగానికి తగ్గారు. కొత్త నిర్వాహకుడిగా వచ్చిన ఆయన పేరు డాక్టర్ సిల్వెస్టర్ యంగ్. 1960లలో ఇదే బ్యాండులో ఫాస్టర్ చేతికింద తయారైనవాడు. మధ్యకాలంలో ఆయన ఏంచేశారంటే, 1990లలో ఒహాయో విశ్వవిద్యాలయపు మార్చింగ్ బ్యాండుకు అధిపతిగా పనిచేశారు. తెల్లజాతి విద్యార్థులు అధికసంఖ్యలో ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం అది.